కిడ్ యాంటీబాడీ: క్రాస్‌మ్యాచ్‌కు (దాత రక్తం రోగికి సరిపోతుందో చూసే పరీక్షకు) ముందు జాగ్రత్తలు

☐ ముందు పాత రికార్డు తీయండి. కిడ్ యాంటీబాడీలు (ఎర్రకణాలపై ఉండే కిడ్ గ్రూపు యాంటిజెన్లయిన జేకే-ఎ, జేకే-బిలపై పనిచేసేవి) కొన్ని నెలల్లోనే పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతాయి. ఈరోజు స్క్రీనింగ్ నెగటివ్ వచ్చినా నమ్మొద్దు. ఒకప్పుడు యాంటీ-జేకే-ఎ (జేకే-ఎపై పనిచేసే యాంటీబాడీ) తేలి ఉంటే, ఎప్పటికీ ఆ యాంటిజెన్ లేని రక్తమే ఇవ్వాలి. లేదంటే ఎక్కించిన కొన్ని రోజులకు ఎర్రకణాలు పగిలిపోతాయి, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే.

☐ గత 3 నెలల్లో రక్తం ఎక్కించారా? గర్భం దాల్చారా? అవునంటే శాంపిల్ 3 రోజుల లోపుదే కావాలి.

☐ స్క్రీనింగ్‌కు హోమోజైగస్ కణాలు (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ యాంటిజెన్ జన్యువు వచ్చినవారివి) వాడండి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవారి కణాలపై యాంటిజెన్ తక్కువ. బలహీనమైన యాంటీబాడీ అక్కడే తప్పించుకుంటుంది.

☐ యాంటీగ్లోబ్యులిన్ దశ (ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీని బయటపెట్టే దశ) వదలొద్దు.

☐ రోగికి జేకే-ఎ, జేకే-బి రెండు యాంటిజెన్లూ లేవనిపిస్తే ఎర్రకణాలను 2 మోలార్ యూరియాలో వేసి చూడండి. ఆ కణాలు త్వరగా పగలవు, ఎందుకంటే కిడ్ ప్రొటీనే యూరియాను మోసేది.