మికియో నరుసే సినిమాలను చూడటం, సేకరించడం ఎలా?

యుద్ధానంతర జపాన్ సినిమా అనగానే 1951లో వెనిస్‌లో బహుమతి పొందిన ‘రషోమాన్’ గుర్తుకు వస్తుంది. అదే కాలంలో టోక్యో సందుల్లోని ఇరుకు ఇళ్లను, చేబదుళ్లను, సాగీ సాగని కాపురాలను తెరకెక్కించిన మికియో నరుసే (1905–1969) పేరు మన అభిమానుల్లో చాలామంది వినలేదు.

మొదట వరుస నిర్ణయించుకోండి; డిస్కులు తరువాత కొనవచ్చు. రచయిత్రి ఫుమికో హయాషి రచనల ఆధారంగా ఆయన 1951 నుంచి 1962 వరకు ఆరు చిత్రాలు తీశారు. చేతికందిన అరుదైన డిస్కునల్లా పోగుచేయడం కంటే ఈ ఆరింటిని పట్టుకోవడమే మేలు.

వాటిలో 1954 నాటి ‘బంగికు’తో ప్రారంభించండి. ఒకప్పటి గెయిషా (విందుల్లో ఆటపాటలతో అతిథులను అలరించే జపాన్ కళాకారిణి) అయిన కిన్ ఇప్పుడు వడ్డీ వ్యాపారం చేస్తూ, పాత నేస్తాల గడపలెక్కి బాకీలు వసూలు చేస్తుంటుంది. పూర్వపు ప్రియుడు వస్తున్నాడని ముస్తాబై ఎదురుచూస్తే, అతడు వచ్చింది అప్పు కోసమని తెలుస్తుంది. అన్నాళ్లు దాచుకున్న అతని ఫోటోను ఆమె కాల్చేస్తుంది. నరుసే చిత్రాల్లో డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తున్నదో గమనిస్తే సగం కథ అక్కడే అర్థమవుతుంది కాబట్టి, రెండోసారి చూసేటప్పుడు సబ్‌టైటిళ్లు ఆపేసి చేతులను, చూపులను మాత్రమే అనుసరించండి.

కొనే ముందు అట్ట వెనుక వైపు చదవండి. జపాన్‌లో విడుదలైన డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉండవు. ఆ సంగతి నాకు డబ్బు చెల్లించాకే తెలిసింది. డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి ‘రీజియన్’ అనే సంఖ్య ఉంటుంది, వేరే సంఖ్య ప్లేయర్‌లో అవి ఆడవు; జపాన్ డీవీడీలు రీజియన్ 2, మనవి రీజియన్ 5 కనుక అన్ని రీజియన్లనూ చదివే ప్లేయర్ అవసరం. ఒకే చిత్రం పలు ఇంగ్లిష్ పేర్లతో అమ్ముడవుతుంది కాబట్టి జపనీస్ పేరుతో వెతకడమే నయం. నిడివి కూడా సరిచూడండి: పాల్ (ఐరోపా దేశాల టీవీ ప్రమాణం) పద్ధతి డీవీడీలో సెకనుకు 24 ఫ్రేముల సినిమా 25 ఫ్రేముల వేగంతో నడుస్తుంది గనుక, 120 నిమిషాల చిత్రం 115 నిమిషాలకే ముగుస్తుంది. దానిని కత్తిరింపుగా పొరబడవద్దు.

అసలు కత్తిరింపు వేరే చోట జరుగుతుంది. ఆయన 1960లలో తీసిన వెడల్పు తెర చిత్రం, పైనా కిందా నల్ల పట్టీలు లేకుండా టీవీ నిండా కనిపిస్తే, పక్కల నిలబడిన పాత్రలు ఎగిరిపోయాయన్నమాట. అలాంటి ప్రతిని తిరిగి ఇచ్చేయండి.

డిస్కులను తేమ, ఎండ తగలని చోట నిలువుగా నిలబెట్టి, ప్రతిదాని పేరు, సంవత్సరం, నిడివి, సబ్‌టైటిళ్ల భాషలను ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి.