గేమ్ డబ్బా మీది అంకె ఏం చెబుతుంది?

చెన్నై రిచీ స్ట్రీట్‌లో పిల్లలకి గేమ్ డిస్క్ కొంటున్నారా? బేరానికి ముందు అట్ట మీద కింది మూల చూడండి. 3, 7, 12, 16, 18లలో ఏదో ఒక అంకె ఉంటే అది యూరప్ వాళ్ల పెగి రేటింగ్, అంటే ఆ ఆటకి కనీసం ఎన్నేళ్లు ఉండాలో చెప్పేది. అంకె బదులు పెద్ద ఇంగ్లిష్ అక్షరం ఉంటే అమెరికా వాళ్ల ఈఎస్‌ఆర్‌బీ రేటింగ్. అందులో E అంటే అందరికీ, T అంటే 13 ఏళ్లు నిండినవాళ్లకి, M అంటే 17 ఏళ్లు నిండినవాళ్లకి.

ఈ అంకెకీ ఆట కష్టానికీ సంబంధం లేదు. "మావాడు చురుకండీ, 18ది కూడా అవలీలగా ఆడేస్తాడు" అని మురిసిపోయే నాన్నలు చెన్నైలో మన తెలుగువాళ్లలోనూ తక్కువేం కాదు! ఆ అంకె ఆట లోపల ఏం చూపిస్తారన్నదాని లెక్క. పెగి డబ్బా వెనక్కి తిప్పితే కారణం కూడా బొమ్మల్లో ఉంటుంది. పిడికిలి ఉంటే హింస, సాలీడు ఉంటే భయం, కార్డు పట్టుకున్న చెయ్యి ఉంటే ఆట మధ్యలో డబ్బులు అడుగుతుందని. నా మటుకు ముందు ఆ చెయ్యే చూస్తాను.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ, అందులో పేరెంటల్ కంట్రోల్స్. వయసు ఎంచుకుని, పిల్లలు ఊహించలేని పిన్ పెట్టండి (పుట్టినరోజు మాత్రం వద్దు). ఇప్పటికే ఫోన్‌లో ఉన్న గేమ్స్ దీంతో పోవు, వాటిని మీరే తీసెయ్యాలి. ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఏం మాట్లాడతారో రేటింగ్ ముందే చెప్పలేదు కాబట్టి చిన్నపిల్లలకి వాయిస్ చాట్ ఆపేసే ఇవ్వండి.