తొలి ఈత కుందేలు పిల్లలకు పాలివ్వకపోతే

తొలి ఈత కుందేలు పిల్లల కోసం బోనులో పెట్టిన పెట్టెను వదిలేసి బోను జాలీ మీదే ఈనడం మామూలే. పిల్లలకు ఒంటిమీద బొచ్చు ఉండదు. చల్లబడితే పాలు తాగే శక్తే పోతుంది. అందుకే ముందు వేడి, తర్వాతే పాలు. అరచేతుల మధ్య గానీ, గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన గానీ ఉంచి, బాగా కదిలేదాకా ఆగాలి.

జత కట్టించిన 28వ రోజుకే పెట్టె బోనులో ఉండాలి. ఈత 31వ రోజుకు అటూ ఇటూ. అడుగున చెక్కపొట్టు, పైన ఎండుగడ్డి. తల్లి బొచ్చు పీక్కోకపోతే, అప్పటికి పొట్ట దగ్గర వదులుగానే ఉంటుంది కాబట్టి మనమే మెల్లగా తీసి పిల్లలకు కప్పొచ్చు. చనుమొనలూ బయటపడతాయి.

తల్లి పిల్లల దగ్గర కూర్చోదని కంగారు వద్దు. రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ మూడు నాలుగు నిమిషాలే పాలిస్తుంది. పొద్దున్నే పిల్ల పొట్ట చూడండి: గుండ్రంగా ఉండి, చర్మం కింద తెల్లగా పాలు కనిపిస్తే తాగినట్టే. ముడతలు పడి ఉంటే తల్లిని పెట్టెలో పిల్లల మీద నిలబెట్టి, వీపు నిమురుతూ ఐదు నిమిషాలు పట్టుకోవాలి, రెండు పూటలా. చాలావరకు కొద్ది రోజుల్లోనే అలవాటు పడుతుంది. ఆవుపాలు పట్టడం కంటే, అదే సమయంలో ఈనిన ఇంకో కుందేలు దగ్గర వేయడమే మేలు. ఆవుపాలు కుందేలు పాలంత చిక్కగా ఉండవు, పైగా ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల దక్కదు.

నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంచండి. దాహంతో ఉన్న తల్లి పిల్లల్ని కొరకొచ్చు. చీమలు పట్టకుండా బోను కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. చచ్చిన పిల్లను, తడిసిన గడ్డిని వెంటనే తీసేయాలి.