తాళంచెవి మోటార్ దగ్గరికి వెళ్లేవాడి జేబులో

మా నాన్న అప్పటి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి గనిలో బ్లాస్టింగ్ పని చేసేవాడు. రాయి పేల్చే పెట్టెకు ఒక పిడి ఉండేది. అది తిప్పితేనే కరెంటు పుట్టేది. ఆ పిడి ఊడదీసి మొలతాడుకు కట్టుకున్నాకే ఆయన గుంతల దగ్గరికి పోయేవాడు. "పిడి నా కాడ ఉంటే ఇంగెవుడు తిప్పుతాడు రా" అనేవాడు.

నేను కడపలో ఎలక్ట్రికల్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మందు దట్టించిన చిన్న గొట్టం, అంటే రాకెట్ మోటార్‌ను స్టాండుకు బిగించి థ్రస్ట్ (అది నెట్టే బలం) కొలిచే పిల్లలు కొందరు, దూరం నుంచి అంటించే పెట్టె చేసిమ్మని వచ్చారు. ఆ పెట్టె గురించే ఇది. మందు కలపడం, ఇగ్నైటర్ (కరెంటు పోతే మండి మోటార్ మందును అంటించేది) తయారుచేయడం గురించి ఒక్క ముక్క కూడా రాయను. దానికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది, లైసెన్సులున్నాయి. కంపెనీ మోటార్, కంపెనీ ఇగ్నైటర్, కాలేజీ అనుమతి, పక్కన తెలిసిన పెద్దమనిషి. ఈ నాలుగూ ఉన్నవాళ్లకే మిగతాది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి పెట్టెలో కారు రిలే పెట్టాను. తాళం తిప్పి బటన్ నొక్కితే రిలే పడుతుంది, రిలే పెద్ద కరెంటును వదులుతుంది. చూడటానికి బాగుంది. కానీ తాళం తెంపేది రిలేను పని చేయించే తీగచుట్ట, అంటే కాయిల్‌ను మాత్రమే. పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా రిలే పాయింట్లకు, అంటే లోపల కలిసి విడిపోయే ముక్కలకు, వస్తుంది. ఒకరోజు చివర క్లిప్పులు రెండూ తగులుకుని షార్టయ్యాయి, టప్‌మంది, ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు ఇగ్నైటర్ బదులు బ్రేక్‌లైట్ బల్బు పెట్టి రిహార్సల్ చేస్తున్నాం. అవతల పిల్లవాడు క్లిప్ తగిలించాడో లేదో బల్బు భగ్గున వెలిగింది. "సార్, తాళంచెవి మీ చేతిలోనే ఉంది కదా!" అని వాడు అక్కణ్నుంచే అరిచాడు. నిజంగానే నా చేతిలోనే ఉంది. ముందురోజు షార్టుకు రిలే పాయింట్లు అతుక్కుపోయాయి. బల్బు బదులు మోటారే ఉంటే వాడి ముఖం దానికి జానెడు దూరంలో ఉండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పటి పెట్టెలో రిలే లేదు. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ. దాని ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత తాళం స్విచ్, తర్వాత ఆటో హారన్ బటన్, అక్కణ్నుంచి కేబుల్. ఇగ్నైటర్‌కు పోయే కరెంటు మొత్తం తాళంలోంచే పోవాలి, అదే అసలు సంగతి. బటన్ వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి. నొక్కితే అలాగే ఉండిపోయే స్విచ్చులు పనికిరావు. తాళం స్విచ్ కొత్తదే కొనండి. పాత స్కూటర్‌ది తెచ్చి చూశాను, అరిగిపోయి ఆన్‌లో ఉండగానే చెవి ఊడి వచ్చింది. అది మన పనికి లేనట్టే.

బటన్ తర్వాత మేడమెట్లకు వాడే టూవే స్విచ్ ఒకటి. ఒక వైపు వేస్తే కేబుల్ బటన్‌కు కలుస్తుంది, రెండో వైపు, అంటే షార్ట్ వైపు, వేస్తే కేబుల్ తీగలు రెండూ ఒకదానికొకటి కలిసిపోతాయి. మోటార్ దగ్గర మనిషి ఉన్నంతసేపూ రెండో వైపే ఉండాలి.

సర్క్యూట్ కలిసిందో లేదో చూడటానికి బటన్‌కున్న రెండు కాళ్ల మధ్య ఒక ఎల్‌ఈడీ, దానికి వరసలో 1000 ఓమ్‌ల రెసిస్టర్. ఏం జరిగినా 12 మిల్లీ ఆంపియర్లు దాటదు. ఇక్కడ చిన్న బల్బు పెట్టేవాళ్లున్నారు. 5 వాట్ల ఇండికేటర్ బల్బు 0.4 ఆంపియర్ దాకా వదులుతుంది, సున్నితమైన ఇగ్నైటర్ దానికే అంటుకోవచ్చు.

కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు. నాది 50 మీటర్లు, అంటే పోనూ రానూ 100 మీటర్ల రాగి. 1.5 స్క్వేర్ ఎంఎం తీగైతే రెసిస్టెన్స్ సుమారు 1.3 ఓమ్‌లు. ఇగ్నైటర్ 1 ఓమ్ అనుకుంటే 5 ఆంపియర్ల దాకా అందుతుంది. సన్నటి 0.5 తీగైతే రెసిస్టెన్సే 4 ఓమ్‌ల దగ్గరికి పోతుంది, అందేది సగం కూడా కాదు. అప్పుడు ఇగ్నైటర్ వేడెక్కి ఊరుకుంటుంది. అంటుకోని మోటార్ కన్నా, అంటుకుందో లేదో తెలియని మోటారే ఎక్కువ భయం.

చేలో పని ఇలా. మాది శెనక్కాయ తీసేసిన చేను. కట్టె వామి, ఎండుగడ్డి లేనిచోట స్టాండు పెట్టి, చుట్టూ నీళ్లు చల్లిస్తాం. ఇసుక మూటల వెనక పెట్టె. ముందు కేబుల్ చివర 21 వాట్ల బ్రేక్ బల్బు తగిలించి పూర్తి రిహార్సల్: తాళం తిప్పితే ఎల్‌ఈడీ వెలగాలి, బల్బు వెలగకూడదు. నొక్కితేనే బల్బు వెలగాలి, వదిలితే ఆరిపోవాలి. ఇది తప్పితే ఆ రోజుకు ఇంటికే.

తర్వాత తాళంచెవి ఊడదీసి, టూవే స్విచ్ షార్ట్ వైపు వేసి, చెవి జేబులో వేసుకుని ఒక్కడే నడవాలి. ఇగ్నైటర్ అన్నిటికన్నా చివర. క్లిప్పులకు ముందు గరుకు కాగితం రుద్దండి, మోటార్ కేసుకు (పైగొట్టానికి) తగలకుండా చూడండి. ఫోన్ పెట్టె దగ్గరే వదిలి పోవాలి. ఎక్కడైనా ఉరుము వినిపించినా సర్దుకోవడమే. 2003 ఆగస్టు 22న బ్రెజిల్‌లోని అల్కాంటారాలో రాకెట్ మోటార్ ఒకటి ఎవరూ నొక్కకుండానే అంటుకుంది, 21 మంది పోయారు. అంత పెద్దవాళ్లకే తప్పలేదు.

వెనక్కి వచ్చి తలలు లెక్కపెట్టాకే టూవే స్విచ్ బటన్ వైపు వేసి చెవి పెడతాను. ఐదు నుంచి బిగ్గరగా లెక్క, తర్వాత బటన్.

అంటుకోకపోతే రెండోసారి నొక్కి చూద్దామనిపిస్తుంది, పిల్లలు అదే అంటారు. తాళంచెవి ఊడదీసేయండి, స్విచ్ షార్ట్ వైపు వేయండి. చిన్న రెడీమేడ్ మోటార్లకు అమెరికా మోడల్ రాకెట్ నియమావళి 60 సెకన్లు ఆగమంటుంది. స్టాండు మీది మోటార్‌కు నేను పదిహేను నిమిషాలు ఆగుతాను. వాచీ చూసే పని ఎప్పుడూ ఒకే పిల్లవాడికిస్తాను, ఆ రోజు బల్బు తగిలించినవాడికి. వాడు పద్నాలుగో నిమిషంలో ఎవర్నీ లేవనివ్వడు.