ఎండాకాలంలో గుర్రం ఎక్కే ముందు

మే నెలలో హైదరాబాద్‌లోనైనా, ఉక్కపోసే విశాఖ తీరంలోనైనా స్వారీ పొద్దున ఏడు లోపే ముగించుకోండి. సాయంత్రం ఎండ తగ్గినా నేల సెగ కక్కుతూనే ఉంటుంది.

జీను వేసే ముందు ఇవి చూడండి:

• నీళ్లు తాగిందా? మామూలు రోజుల్లోనే గుర్రం 25 లీటర్లకు పైగా తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. స్వారీ ఉందని నీళ్లు ఆపకండి.

• భుజం దగ్గర చర్మాన్ని వేళ్లతో పట్టి వదలండి, వెంటనే సర్దుకోవాలి. పై పెదవి ఎత్తితే చిగుళ్లు తడిగా, లేత గులాబీ రంగులో కనిపించాలి. జిగటగానో, ముదురు ఎరుపుగానో ఉంటే ఆ రోజు స్వారీ వద్దు.

• నిన్న చెమట పట్టిందా? దీన్ని చాలామంది పట్టించుకోరు. తేమ ఎక్కువుండే ఊళ్లలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. పరిగెత్తాక కూడా ఒళ్లు పొడిగా ఉండి రొప్పుతుంటే డాక్టర్‌కి చూపించాల్సిందే.

• నాకడానికి ఉప్పు గడ్డ అందుబాటులో ఉంచండి. చెమటతో పోయేది నీళ్లు మాత్రమే కాదు.

మీ సంగతి: పలచటి పొడుగు చేతుల కాటన్ చొక్కా వేసుకోండి, బయల్దేరే ముందు ఉప్పేసిన మజ్జిగ తాగండి. ఉక్కగా ఉందని హెల్మెట్ మాత్రం తీయొద్దు.

రెండు మూడు బకెట్ల చల్లటి నీళ్లు ముందే సిద్ధం చేసుకోండి. వేడి మీదున్న గుర్రానికి చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం అనవసరం. దిగగానే జీను తీసి, నీడలో ఒళ్లంతా పోస్తూనే ఉండండి. గుర్రం మామూలు ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. 40 దాటి దిగకపోతే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి.