తోబుట్టువులు కలిసి తక్కువ ఖర్చులో ప్రాంక్ కామెడీ షో తీయడం ఎలా?

మా అన్న, నేను, మా చెల్లి కలిసి ఏళ్లుగా స్కిట్లూ ప్రాంకులూ తీస్తున్నాం. ఎక్కడ చూసినా ప్రాంకులు ఒకే చోట చెడిపోతున్నాయి. అది ఎదుటివాళ్లకు అసలు సంగతి చెప్పే చోటు. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, అక్కడ నిదానిస్తాను.

కావలసినవి: రెండు ఫోన్లు, ఒక స్టాండ్, చొక్కాకు తగిలించే మైకు. డబ్బు మిగిలితే మైకుకే పెట్టండి. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే చూడరు. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రికార్డింగ్ మొదలవగానే గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండు వీడియోలూ కలిపేయొచ్చు.

1. స్కిట్ రాయండి

ఒక గది, ఒక గొడవ, రెండు నిమిషాలు. అంతకు మించకూడదు. కోపం వచ్చే ముందు మా అన్న కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. అది చూడగానే చెల్లి కుర్చీ వెనక్కి జరుపుతుంది. బయటి నటులకు ఇది నేర్పాలంటే వారం పడుతుంది, మాకు రిహార్సల్ కూడా అక్కర్లేదు. తోబుట్టువులతో తీయమనేది అందుకే. వెనకాల నవ్వుల శబ్దం మాత్రం కలపకండి.

2. ప్రాంక్ ఎంచుకోండి

వింతగా ప్రవర్తించేది మీరే కావాలి, దారినపోయేవాళ్లను బకరాలను చేయకూడదు. దొంగ పోలీసులు, యాక్సిడెంట్లు, చావు కబుర్లు వద్దే వద్దు. 1962లో అమెరికా టీవీలో ఆలెన్ ఫంట్ అనే ఆయన తన కాండిడ్ కెమెరా అనే ప్రాంక్ షోలో లిఫ్టులో ఉన్న తన మనుషులందరినీ వెనక్కి తిరిగి నిలబడమన్నాడు. కొత్తగా ఎక్కినాయన అటూ ఇటూ చూసి, మెల్లగా తానూ తిరిగాడు. ఖర్చు లేదు, ఎవరికీ నొప్పి లేదు. మీ ఐడియా ఇలాంటిది కాకపోతే మార్చుకోండి.

3. అసలు సంగతి చెప్పండి

ముందు ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఎదుటి మనిషి పెదాలు బిగుసుకున్నా, గొంతు తగ్గినా, చూపు దారి కోసం వెతికినా అక్కడే ఆపేయాలి. ఇంకో నిమిషం లాగితే బాగా వస్తుందనిపిస్తుంది కానీ రాదు, ఆ మనిషికి టెన్షన్ పెరుగుతుందంతే. నటించేవాళ్లకు ఇది కనపడదు కాబట్టి దూరంగా ఒకరు నిలబడి గమనించాలి. మాలో ఆ పని చెల్లిది. తను టోపీ తీసిందంటే ప్రాంక్ ఆగినట్టే, వాదనల్లేవు.

చెప్పాల్సింది ప్రాంక్ చేసినవాళ్లే, అదీ ఖాళీ చేతులతో. ఒకసారి మా అన్న ఫోన్ పట్టుకుని నవ్వుతూ ఒక పెద్దావిడ వైపు పరిగెత్తాడు. ఆవిడ దొంగనుకుని సంచిని గుండెలకు హత్తుకుంది. సంచి పట్టీ వేలికి రెండు చుట్లు చుట్టుకుంది. మేం క్షమాపణ చెప్పుకున్నాక కూడా చాలాసేపు ఆ చుట్లు విప్పలేదు. ఆ వీడియో అప్పుడే తీసేశాం. అప్పటినుంచి మొదటి మాట ఒకటే: “మీకేం కాలేదండీ, షో కోసం తీస్తున్నాం.” తర్వాత పేరు చెప్పి, కెమెరా ఎక్కడుందో చూపిస్తాం.

అనుమతి వెంటనే అడగొద్దు. కంగారులో ఎవరైనా సరేనంటారు. కూర్చోబెట్టి, తీసింది మొత్తం చూపించి, అప్పుడు అడగండి. కాగితం మీద సంతకం తీసుకోండి, పిల్లలైతే తల్లిదండ్రులది. “సరేలే, ఏదోటి చేసుకోండి” అన్నారంటే వద్దన్నట్టే లెక్క. వాళ్ల ఎదుటే డిలీట్ చేయండి, ఫోన్‌లోని చెత్తబుట్టలోంచి కూడా. మొహం మసకచేస్తే చాలనేవాళ్లున్నారు. గొంతును బట్టి, నడకను బట్టి తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు, కాబట్టి ఆ పద్ధతి పనికిరాదు.

4. ఎడిట్ చేయండి

రెండు ప్రాంకుల మధ్య ఒక స్కిట్ పెట్టండి. సంగతి తెలిశాక వాళ్లు నవ్విన ముక్క మాత్రం కత్తిరించకండి. చూసేవాళ్లకు మనసు కుదుటపడేది అక్కడే. ఎపిసోడ్ వచ్చే ముందు రోజు అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి టైమ్ చెప్పండి. అప్పుడు కూడా ఎవరైనా వద్దంటే ఆ ముక్క తీసేసి, పక్కన పెట్టుకున్న ఇంకో స్కిట్ వేయండి.