పాత త్రీనాట్‌త్రీ: ముందు గుర్తులు చదవండి, తర్వాతే చెక్క ముట్టండి

పాత త్రీనాట్‌త్రీ, అంటే .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ చేతికి రాగానే చాలామంది ఉప్పు కాగితం పట్టుకుంటారు. చెయ్యకూడని పని అదే. చెక్క మీది ముద్రలు లోతుగా ఉండవు. నాలుగు రుద్దులకే పోతాయి, మళ్లీ రావు.

మొదట మ్యాగజీన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కంటితోనూ వేలితోనూ చూసుకోండి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్న వాటికే ఈ పనంతా. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పౌరుల కోసం చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్‌దీ లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగమే, కాబట్టి దాని చెక్కకూ ఇదే పద్ధతి.

బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) వచ్చి దూరే ఇనుప సాకెట్ కుడివైపు చూడండి. టార్చిని పక్కనుంచి, దాదాపు ఇనుముకు ఆనించి వేస్తే అరిగిన అక్షరాలు కూడా నీడతో పైకి తేలతాయి. తీగ బ్రష్ వద్దు. పై నుంచి కిందికి కిరీటం, రాజు అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మోడల్ ఉంటాయి. ‘జీఆర్’ అంటే జార్జి రాజు. ఇషాపూర్ రైఫిళ్ల మీద ‘జీఆర్‌ఐ’ కనిపిస్తుంది, ఆ ఐ భారత చక్రవర్తి బిరుదుకు గుర్తు. స్వాతంత్ర్యం తర్వాతి వాటి మీద కిరీటం పోయి అశోక సింహాలు, ‘ఆర్‌ఎఫ్‌ఐ’ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) వచ్చాయి. ‘2ఏ’ లేదా ‘2ఏ1’ అని ఉంటే అది .303 కాదు, 7.62 మి.మీ. తూటాది. ఈ తేడా తప్పక చూసుకోవాలి.

నక్షత్రం దగ్గర చాలామంది పొరబడతారు. మోడల్ అంకె III పక్కన నక్షత్రం ఉంటే, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో త్వరగా తయారు కావాలని మ్యాగజీన్ కటాఫ్ (మ్యాగజీన్ నుంచి తూటాలు రాకుండా ఆపే రేకు) లాంటివి తీసేసిన రకం. అదే నక్షత్రం బ్యారెల్ మొదట్లో ఉంటే, లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయని ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే సైనిక మెకానిక్) వేసిన గుర్తు. ‘డీపీ’ అంటే డ్రిల్‌కు మాత్రమే. ఎన్‌సీసీ కవాతుల్లో తిరిగినవి ఇలాంటివే. వీటితో ఎప్పుడూ కాల్చకూడదు. ‘ఎఫ్‌టీఆర్’ ఉంటే ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగుచేశారని అర్థం. అందువల్ల రిసీవర్ (బ్యారెల్ బిగించే ఇనుప భాగం), బోల్ట్ పిడి, ముందు కట్టె (బ్యారెల్ కింది చెక్క) అడుగున ఉన్న నంబర్లు కలవకపోయినా వెంటనే నకిలీ అనుకోవద్దు.

ఇషాపూర్ ముందు కట్టెలకు అడ్డంగా దూర్చిన మర కనిపించవచ్చు. అది చెక్క చీలకుండా ఫ్యాక్టరీ వేసిందే, పీకి రంధ్రం పూడ్చకండి. గ్రెనేడ్లు పేల్చే రైఫిళ్లకు చుట్టిన తీగ కూడా అంతే.

విప్పేటప్పుడు వరస తప్పితే చెక్క పగులుతుంది. ముందు కట్టె తీయకుండా బట్ బోల్ట్ (బట్‌ను సాకెట్‌కు బిగించే పొడవాటి మర) తిప్పకూడదు. ఆ బోల్ట్ కొస నలుపలకగా ఉండి, ముందు కట్టె వెనక భాగంలోని పలకలో ఇరుక్కుని ఉంటుంది. బోల్ట్ తిరిగితే పలకా తిరగబోతుంది, కట్టె నిలువునా చీలుతుంది. శుభ్రం చేయడానికి బట్ విప్పక్కర్లేదు, వదిలేయడమే మేలు.

చెక్క మురికికి టర్పెంటైన్‌తో తడిపిన నూలు గుడ్డ చాలు. నారవెంట తుడవండి, గుడ్డ నల్లబడితే మార్చండి. నీళ్లలో నానబెట్టొద్దు. కొసల్లో నీరు పీల్చుకుంటే చెక్క ఉబ్బి పగులుతుంది. నొక్కుకుపోయిన గుంట మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె కొనను రెండు మూడు సెకన్లు ఆనిస్తే ఆవిరికి నార పైకి లేస్తుంది. నార తెగిన గంటు మాత్రం లేవదు. ముద్ర ఉన్నచోట ఆవిరి పట్టకండి, ముద్ర కూడా నొక్కుడే కాబట్టి అదీ లేచిపోతుంది.

తర్వాత పచ్చి అవిసె నూనె. ఫ్యాక్టరీలో వాడిందీ అదే. వార్నిష్ వేస్తే పైన అద్దంలా పొర కట్టి తర్వాత పెచ్చులూడుతుంది. నూనె గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చన చేయండి. మొదటి పూతకు సగం నూనె, సగం టర్పెంటైన్. తర్వాతివి నూనె ఒక్కటే. అరచేత్తో వేడి పుట్టేలా రుద్ది, అరగంట ఆగి, పైన మిగిలింది పూర్తిగా తుడిచేయండి. వారానికొకటి చొప్పున మూడు పూతలు చాలు. చెయ్యి జిగటగా అంటుకుంటుంటే నూనె ఎక్కువైందన్నమాట. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వానాకాలంలో ఇంకా ఆలస్యమవుతుంది, తొందరపడొద్దు. రంగుల షాపుల్లో దొరికే డబుల్ బాయిల్డ్ రకం త్వరగా ఆరుతుంది, దాన్ని మరీ పల్చగా పూయాలి.

ఇత్తడి బట్ పలక చిలుము తీసేటప్పుడు పాలిష్ చెక్కలోకి దిగితే తెల్లటి గీతలు మిగులుతాయి. పలక విప్పి విడిగా తోమండి.

నూనె గుడ్డలు ముద్ద చేసి మూల పడేస్తే ఆరేటప్పుడు వాటిలోనే వేడి పుట్టి, నిప్పు అంటించకుండానే మండుతాయి. విడదీసి తీగ మీద ఆరబయట ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో మూత పెట్టి ఉంచండి.